జత కాదు, గుంపు కావాలి: బోరు నీటి ఊళ్లలో చిన్న చేపల పెంపకం

ఆక్వేరియం దుకాణం నుంచి ఇంటికి వచ్చే పాలిథీన్ సంచిని ఒకసారి వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు, ఆ తొట్టి ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. రెండు నియాన్ టెట్రాలు, రెండు టైగర్ బార్బ్‌లు, రెండు గప్పీలు, ఒక జత ఏంజెల్ చేపలు, అడుగున పాచి తింటుందని ఒక సక్కర్ చేప. దాదాపు అన్నీ జతలే. పావురాలను, కుందేళ్లను, లవ్ బర్డ్స్‌ను జతగా కొనే అలవాటు చేపలకూ పాకింది. జత ఉంటే తోడు ఉన్నట్టేనని కొనేవారి నమ్మకం. నెల తిరిగేసరికి నియాన్‌లు కనిపించవు, గప్పీల తోకలు చిరిగి ఉంటాయి, మిగిలిన చేపలు ఫిల్టరు వెనక నక్కి ఉంటాయి. "మన నీళ్లు చేపలకు పడవు" అని ఇంట్లో ఒక తీర్పు వెలువడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ మాట మరీ సులువుగా నోటికి వస్తుంది, ఇక్కడి నీటికి చెడ్డపేరు ముందే ఉంది కాబట్టి. నీటి తప్పు కొంత ఉన్న మాట నిజమే. అంతకంటే పెద్ద తప్పు ఆ సంచిలోని లెక్కలో ఉంది.

టెట్రాలు, రాస్బోరాలు, డానియోలు, చెర్రీ బార్బ్‌ల వంటి చిన్న మంచినీటి చేపలు పుట్టుకతోనే గుంపు జీవులు. వాటికి కోరలు లేవు, ముళ్లు లేవు, విషం లేదు. ఉన్న రక్షణ అంతా పక్కనున్న చేపే. పెద్ద చేప మీదికి వచ్చినప్పుడు దానికి చిక్కే ముప్పు గుంపులో అందరికీ పంచుకుపోతుంది. పైగా వేటాడే చేప దేన్ని పట్టాలో తేల్చుకోలేదు. ఒకదాని మీద చూపు నిలిపేలోపు అది పదింటి వెనక్కి జారిపోతుంది. గుంపులో గోవిందయ్య అన్న మాటను మనుషులు తేలిగ్గా వాడతారు కానీ ఆ చేపలకు ప్రాణం నిలిపేది అదే.

ఆ కలిసికట్టు కదలిక వెనక కళ్లు ఒక్కటే లేవు. చేప ఒంటికి రెండు పక్కలా, మొప్పల వెనక నుంచి తోక దాకా ఒక సన్నని గీత కనిపిస్తుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. అందులోని సూక్ష్మమైన రోమాల వంటి కణాలు నీటి కదలికను పసిగడతాయి. పక్క చేప తోక విదిలిస్తే ఆ తోపు ఈ చేప ఒంటికి తగులుతుంది. 1976లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కళ్లకు తాత్కాలికంగా గంతలు కట్టిన సముద్రపు చేప కూడా పార్శ్వరేఖ ఆసరాతోనే గుంపుతో పాటు ఈదగలిగింది.

ఇంకొకటి వాసన. తేనెటీగల నాట్యభాషను విప్పిచెప్పి, 1973లో నోబెల్ బహుమతిని పంచుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో చిన్న చేపల్లో ఒక వింత గమనించాడు. గాయపడిన చేప చర్మం నుంచి నీటిలోకి ఏదో రసాయనం విడుదలవుతోంది, అది తగలగానే మిగిలిన చేపలన్నీ బెదిరి చెల్లాచెదురై, ఆ తర్వాత ఒక్కచోట ముడుచుకుంటున్నాయి. బార్బ్‌లు, డానియోలు, టెట్రాలు అన్నీ ఈ హెచ్చరికను అందుకునే వంశానివే. తొట్టిలో ఒక్క చేపను పట్టడానికి వలగరిటెతో నాలుగు మూలలా తరిమితే, దాని పొలుసులు గీరుకుపోయిన కాసేపటికి తక్కినవన్నీ మేత మానేసి మూలన చేరడానికి కారణం ఇదే. వలతో తరమకుండా, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాను నీటిలో ఉంచి చేపను మెల్లగా అందులోకి మళ్లించడం ఎంతో మేలు.

ఇంత ఏర్పాటుతో పుట్టిన జీవిని రెండింటిని తెచ్చి వదిలితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. చుట్టూ కాపలా కాసే కళ్లు లేవు. ముప్పు లేదని చెప్పేవారు లేరు. రెండే ఉన్నచోట ఒక్కొక్కటీ ఒంటికాయ సొంఠికొమ్మే. రంగు వెలిసిపోతుంది, మేత వేసినా పైకి రాదు, రోగం సులువుగా అంటుకుంటుంది. కొన్ని రకాల్లో భయం మరో దారి పడుతుంది. టైగర్ బార్బ్ చెడ్డ పేరు మోసింది ఇందువల్లే. పది పన్నెండు ఉంటే వాటి పోట్లాటలన్నీ వాటిలో వాటికే సరిపోతాయి, ఎవరు ముందు ఎవరు వెనక అనే తగవుతోనే పొద్దు గడుస్తుంది. రెండు మూడే ఉంటే ఆ కసి పక్కింటి గప్పీ తోక మీదికి, ఏంజెల్ చేప పొడవాటి వాజాల (ఈత రెక్కల) మీదికి మళ్లుతుంది. టైగర్ బార్బ్ ఎన్ని ఉన్నా పొడవు వాజాల చేపల పక్కన నమ్మదగినది కాదన్నది వేరే సంగతి.

ఒకే రకానివి ఆరు అనేది కనీస లెక్క. ఎనిమిదికి, పదికి వెళితే తేడా కంటికి కనిపిస్తుంది. రకానికి రెండు చొప్పున ఐదు రకాలు తెస్తే పది చేపల గుంపు అయినట్టు కాదు, ఐదు భయపడే జంటలు అయినట్టు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే 56 లీటర్ల నీరు పడుతుంది. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 45 లీటర్ల పైచిలుకు మిగులుతుంది. దానికి పది చిన్న డానియోలో, పది రాస్బోరాలో చాలు. నాలుగు రంగులు కావాలనుకునే వారికి ఇది వెలితిగా తోచవచ్చు. కానీ పది చేపలు ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు ఆ గదిలో ఉన్న మనిషి మాట ఆపి అటు చూస్తాడు. రంగురంగుల ఖిచిడీ తొట్టికి ఆ శక్తి లేదు.

తొట్టిలో ఎత్తు కంటే పొడవు చూసుకోవాలి. గుంపు అడ్డంగా సాగుతుంది, నిలువుగా కాదు. గుండ్రటి గాజు గిన్నె ఏ చేపకూ ఇల్లు కాదు, గుంపు చేపకు అసలే కాదు.

ఇక నీరు. నల్లగొండ జిల్లా చాలావరకు గ్రానైటు, నైసు రాళ్ల మీద కూర్చుంది. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో అది మనుషుల ఎముకలను ఏం చేసిందో తెలియని తెలుగువారు లేరు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దాన్ని ప్రపంచమంతా 'నల్లగొండ పద్ధతి' అనే పిలుస్తుంది. టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరు వెళ్లింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు ఊళ్లకు చేరుతోంది. అందువల్ల ఇవాళ ఒకే ఇంట్లో మూడు రకాల నీళ్లు ఉంటున్నాయి: మేడ మీది ట్యాంకులో బోరు నీరు, నల్లాలో కృష్ణా నీరు, వంటింట్లో వాటర్ ప్లాంటు క్యాను. చేపల తొట్టిలోకి ఏది పోయాలన్నది అసలు ప్రశ్న.

తొట్టి చేపలను ముందుగా దెబ్బతీసేది ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ బాగా కరిగిన నీటిలో సాధారణంగా బైకార్బనేట్లు ఎక్కువగా ఉంటాయి, నీరు క్షారం వైపు మొగ్గి ఉంటుంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత అయిన పీహెచ్ 8 దాటడం అరుదేమీ కాదు. ఆ క్షారగుణం అమ్మోనియాకు పదును పెడుతుంది. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయని అయాను రూపం, రెండోది మొప్పలను కాల్చే వాయురూపం. 25 డిగ్రీల వేడి దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆ విషరూపం మొత్తంలో 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే దాదాపు 5 శాతం అవుతుంది, 8.5కి వెళితే 15 శాతం దాకా పాకుతుంది. అంతే మేత, అంతే నిర్లక్ష్యం, హైదరాబాద్‌లో కృష్ణా నీళ్లు పోసిన తొట్టి ఓర్చుకున్నది దేవరకొండ బోరు నీటి తొట్టి ఓర్చుకోలేకపోవచ్చు. "మన నీళ్లు పడవు" అన్న మాటలోని నిజం ఇంతవరకే.

దీనికి మందు సీసాలో లేదు, ఓపికలో ఉంది. కొత్త తొట్టిలో అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే చేపలు కొనడం, విత్తనం నాటిన రోజే పంట కోతకు పోవడం లాంటిది. ఖాళీ తొట్టిలో ఫిల్టరు తిప్పుతూ, రోజూ చిటికెడు మేత కుళ్లనిస్తూ ఎదురుచూడాలి. అప్పటికే నడుస్తున్న తొట్టి నుంచి ఒక మురికి స్పాంజి ముక్క దొరికితే ఆ నిరీక్షణ సగానికి తగ్గుతుంది. స్పాంజిని కడగాల్సి వస్తే నల్లా కింద కాదు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. నల్లా నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. కృష్ణా నీరు వాడేటప్పుడు బకెట్‌లో పట్టి ఒక రోజు గాలి గొట్టం పెట్టి ఉంచినా క్లోరిన్ పోతుంది, దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే హైపో చుక్కలు వేసినా పోతుంది.

బిందెలో బురద నీటిని తేర్చడానికి పటిక తిప్పడం మన ఇళ్లలో పాత అలవాటు. తొట్టి నీరు మసకబారినప్పుడు అదే పటికను అందులో తిప్పేవారు ఉన్నారు. అది చేయకూడదు. పటికలోని అల్యూమినియం మొప్పలకు కీడు, పైగా పీహెచ్‌ను ఉన్నపళంగా లాగేస్తుంది. అలాగే ఇల్లు కట్టగా మిగిలిన తాండూరు బండ ముక్కలను గుహల్లా పేర్చితే చూడటానికి బాగుంటుంది కానీ అది సున్నపురాయి. నెమ్మదిగా కరిగి, అసలే గట్టిగా ఉన్న, అంటే కాల్షియం వంటి లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని మరింత గట్టిపరుస్తుంది. రాయి మీద నిమ్మరసం చుక్క వేస్తే నురగ వస్తే అది తొట్టికి పనికిరాదు. గ్రానైటు గులకరాయి మీద ఆ చుక్క కదలకుండా కూర్చుంటుంది.

నీటిని చేపకు తగ్గట్టు మార్చడం కంటే నీటికి తగ్గ చేపను ఎంచుకోవడం వందరెట్లు సులువు. నియాన్ టెట్రా అమెజాన్ అడవి వాగులది, మెత్తని, కొద్దిగా పులిసిన నీటిది. పైగా 20 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా ఉండే చేప. పాలమూరులో బోరు నీరు ఒక వైపు, మే నెల ఎండ మరో వైపు దానికి శత్రువులు. దుకాణాల్లో దొరికేవి చాలావరకు పెంపక కేంద్రాల్లో పుట్టినవే కాబట్టి కొంత గట్టి నీటికి అలవాటు పడతాయి, కృష్ణా నీటిలో జాగ్రత్తగా పెంచవచ్చు. బోరు నీటిలో మొదటి తొట్టికి మాత్రం అది సరైన ఎంపిక కాదు.

బోరు నీటి ఇంటికి జీబ్రా డానియోను మించిన చేప లేదని గట్టిగా చెప్పవచ్చు. ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో 1822లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. అచ్చంగా మన ఉపఖండపు చేప. వానకు చల్లబడే, ఎండకు కాగే లోతు తక్కువ నీళ్లలో, పొలం కాలువల్లో బతికిన జాతి అది. గట్టి నీరు, మెత్తని నీరు, చలి, వేడి అన్నీ చూసింది. దాని జన్యుపటం 2013లో వెలువడినప్పుడు, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దానిలో సాటి జన్యువులు ఉన్నాయని తేలింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్తలు పరిశోధన కోసం పెంచుతున్నదీ ఈ చేపనే. అతి తక్కువ ధరకు దొరుకుతుందని దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. దాని తర్వాత ఎక్స్‌రే టెట్రా. ఒళ్లంతా గాజులా ఉండి లోపలి వెన్నెముక కనిపించే ఈ చేప, టెట్రాల్లో గట్టి నీటిని బాగా తట్టుకునే వాటిలో ఒకటి. తొట్టి మూడడుగులు ఉంటే న్యూగినీ నుంచి వచ్చిన మరుగుజ్జు రెయిన్‌బో చేపల గుంపు పెట్టవచ్చు, క్షార జలం వాటికి ఇబ్బంది కాదు. కృష్ణా నీరు నికరంగా వచ్చే ఇళ్లలో హార్లెక్విన్ రాస్బోరా, చెర్రీ బార్బ్, అడుగున తిరిగే కోరిడోరాస్ కూడా సులువుగా నిలుస్తాయి. కోరిడోరాస్ కూడా గుంపు చేపే, అడుగు శుభ్రం చేస్తుందని ఒక్కదాన్ని తేవడం దానికి శిక్ష.

వాటర్ ప్లాంటు నీరే పోస్తే పోలేదా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. అచ్చంగా అదే పోస్తే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్‌ను నిలబెట్టే బలం ఉండదు, ఏదో ఒక రాత్రి అది కుప్పకూలుతుంది. బోరు నీటిలో సగానికి సగం కలిపి వాడితే మంచిది. ఏ పాళ్లు ఎంచుకున్నా వారం వారం అవే పాళ్లు ఉండాలి. చేపకు గట్టి నీటి కంటే రోజుకో రకంగా మారే నీరు ఎక్కువ హాని. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుంటే మేలు, ఖరీదైన ఫిల్టరు కంటే అదే ముందు కొనదగినది.

దుకాణం నుంచి ఇంటికి వచ్చే గంటలు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి. హైదరాబాద్ నుంచి నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా దాదాపు వంద కిలోమీటర్లు, బస్సులో రెండు రెండున్నర గంటలు. మూతి కట్టిన సంచిలో చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిని కొద్దిగా ఆమ్లం వైపు నెడుతుంది. సంచిలో అమ్మోనియా పేరుకున్నా ఆ ఆమ్లం వల్ల అది హానిలేని రూపంలోనే ఉండిపోతుంది. ఇంటికి రాగానే మూతి విప్పి, బోరు నీరు గ్లాసులతో గబగబా పోస్తే పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, సంచిలోని అమ్మోనియా అక్కడికక్కడే విషంగా మారుతుంది. నెమ్మదిగా పోద్దామంటే ఆ విషంలోనే చేప గంటసేపు ఉండాలి. ఈ చిక్కుకు మంచి పరిష్కారం ముందే చేసి పెట్టుకోవాలి. దుకాణంలో వారి నీటి టీడీఎస్ ఎంతో మీటరుతో చూసి, ఇంట్లో ప్లాంటు నీరు కలిపి దానికి దగ్గరగా ఉండే నీటిని తొట్టిలో సిద్ధం చేయాలి. తెచ్చిన సంచిని విప్పకుండా పావుగంట నీటి మీద తేలనిచ్చి, వేడి సమానం అయ్యాక చేపలను మాత్రమే తొట్టిలోకి వదిలి, సంచి నీటిని పారబోయాలి. ఆ తర్వాత వారానికోసారి నీరు మార్చేటప్పుడు బోరు నీటి పాలు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే, నెల రెండు నెలల్లో గుంపు మొత్తం మన నీటి మనిషి అయిపోతుంది.

ఎండాకాలం వేరే పరీక్ష. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా కరగగల ప్రాణవాయువు 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఊపిరి వేగం పెరుగుతుంది, అంటే కావలసింది పెరిగి దొరికేది తగ్గుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి అనుకుని మేత వేసేవారు ఉన్నారు. అది ఊపిరాడకపోవడం, ఆ పూట మేత మానేయాలి. తొట్టి మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కుండలో నీరు చల్లబడినట్టే. కానీ మూత లేని తొట్టి నుంచి డానియోలు ఎగిరి నేలమీద పడతాయి, పైన దోమల వల పరచాలి. ఆవిరైపోయేది నీరే, లవణాలు అడుగునే ఉండిపోతాయి. తగ్గిన నీటిని బోరు నీటితో నింపుతూ పోతే జూన్ వచ్చేసరికి టీడీఎస్ రెట్టింపు కావచ్చు. తగ్గిన మేరకు ప్లాంటు నీరు, వారం వారం మార్చడానికి మామూలు కలిపిన నీరు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఇంట్లో ఉండాలి.

రంగుల చేపల్లో కొన్నింటి రంగు వాటిది కాదు. గాజులాంటి ఒంటితో గుంపుగా తిరిగే మన దేశపు గ్లాస్ చేపకు సూదితో రంగు ఎక్కించి అమ్మడం ఇప్పటికీ ఉంది. తెల్లని విడో టెట్రాలకు కూడా గులాబీ, నీలం రంగులు పట్టిస్తారు. ఆ రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, సూది గాయాల వల్ల చాలా చేపలు అంతకంటే ముందే పోతాయి. వాటిని కొనకపోవడమే వాటికి చేయగల మేలు.

విసుగు పుట్టి చేపలను పానగల్లు ఉదయసముద్రంలోనో, ఊరి చెరువులోనో వదిలేయడం అంతకంటే తప్పు. తొట్టిలో పాచి తింటుందని తెచ్చిన సక్కర్ చేప అలా బయటపడి తెలుగు నేల చెరువుల్లో, కాలువల్లో పెరిగి మత్స్యకారుల వలలు చించుతోంది. దాని గట్టి పొలుసుల ఒంటిని కొనేవారు లేరు. పెంచలేని చేపలను దుకాణానికే తిరిగి ఇవ్వాలి, లేదా తొట్టి ఉన్న మరొకరికి ఇవ్వాలి.

మొదటి వారం గుంపును చూసి చాలామంది పొరబడతారు. పది డానియోలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు, ఒకే దిక్కుకు తలలు పెట్టి ఒక మూల నుంచి మరో మూలకు దూసుకుపోతుంటే ఎంత అందంగా ఉన్నాయో అనుకుంటారు. అవి భయంతో ఉన్నాయి. అంత దగ్గరగా ముడుచుకోవడం శత్రువు పక్కనే ఉందన్న అనుమానానికి గుర్తు. మూడు నాలుగు వారాలు గడిచి, నీరు కుదుటపడి, వెనక గోడకు నల్ల కాగితం అంటించి, ఒక పక్క వాలిస్నేరియా గడ్డి దట్టంగా పెరిగాక ఆ గుంపు వదులవుతుంది. ఒకటి ఆకు కొసను కొరుకుతుంటుంది, రెండు ఫిల్టరు బుడగల దగ్గర ఆడుతుంటాయి, మగ చేప ఒకటి వాజాలు విప్పి ఇంకోదాని ముందు తిరుగుతుంటుంది. అటుగా వెళ్లే మనిషి నీడ అద్దం మీద పడగానే పదీ ఒక్కసారి చేరువై, గడ్డి వైపు మళ్లి, నీడ తొలగగానే మళ్లీ ఎవరి పనికి అవి విడిపోతాయి.